‘నాటకం’ అనే ముందు ఆ మనిషి బతుకు గురించి అడగండి: వైద్యులకు బహిరంగ లేఖ

అత్యవసర విభాగాల్లో, నరాల వైద్య విభాగాల్లో, మానసిక వైద్య విభాగాల్లో పనిచేస్తున్న గౌరవనీయులైన వైద్యులకు, నర్సింగ్ సిబ్బందికి, వైద్య విద్యార్థుల పాఠ్యాంశాలను, పరీక్షలను నిర్ణయించే పెద్దలకు,

నమస్కారం.

నేను ఒక ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో సామాజిక కార్యకర్తగా పనిచేస్తున్నాను. కన్వర్షన్ డిజార్డర్‌తో, అంటే ఇప్పుడు ఎక్కువగా ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ అని రాస్తున్న జబ్బుతో వచ్చినవారి ఇంటి పరిస్థితులను, పని పరిస్థితులను అడిగి కేస్ షీట్‌లో రాయడం నా బాధ్యత. ఈ రోగులది ‘నాటకం’ అని కొట్టిపారేసే తీరు కొంత మారాలని కోరుతూ పై అధికారులకు రాతపూర్వకంగా విన్నవించాను. ‘చూద్దాం’ అన్నారు. మళ్లీ గుర్తుచేస్తే, ఇంతకన్నా ముఖ్యమైన పనులున్నాయన్నారు. వేరే చోట్ల ఇదే పని చేస్తున్న నా తోటివారి అనుభవమూ దీనికి భిన్నంగా లేదు కాబట్టి, ఏ ఒక్క ఆసుపత్రినీ వేలెత్తి చూపకుండా, ఈ మాటలు మీ అందరి ముందూ పెడుతున్నాను. రాత్రి డ్యూటీలో ఒక్కరే ముప్పై మందిని చూడవలసి వచ్చే మీ ఇబ్బంది నాకు తెలియనిది కాదు. అయినా ఈ విన్నపాల్లో చాలావాటికి అదనపు మనుషులు అక్కర్లేదు.

ఈ లేఖను వైద్యులు కానివారూ చదువుతారు కనుక ముందు జబ్బు గురించి చెబుతాను. ఉన్నట్టుండి కాలు పట్టు తప్పుతుంది, చెయ్యి వణుకుతుంది, మాట పడిపోతుంది, చూపు పోతుంది, లేదా అచ్చం ఫిట్స్‌లాగే ఒళ్లంతా కొట్టుకుని మనిషి పలకకుండా పోతారు. స్కాన్‌లో దెబ్బ కనబడదు. మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్షలో మూర్ఛ తరంగాలు ఉండవు. ఏటా లక్ష జనాభాలో 4 నుంచి 12 మందికి ఇది కొత్తగా వస్తుందని అంచనా. ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది, మగవారికీ పిల్లలకూ కూడా వస్తుంది. కావాలని చేసేది కాదనడానికి ఆధారాలు లేకపోలేదు. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇలాంటి వణుకు ఉన్నవారినే తీసుకుని, వణుకు దానంతటదే వస్తున్నప్పుడూ, అదే వణుకును కావాలని చేసి చూపమన్నప్పుడూ మెదడు పనితీరును పోల్చారు. ‘ఈ కదలిక నేను చేస్తున్నదే’ అన్న ఎరుకతో సంబంధమున్న కుడివైపు టెంపొరో-పరైటల్ ప్రాంతం, దానంతటదే వచ్చిన వణుకులో తక్కువగా పనిచేసింది. పక్కన నిలబడి చూసేవారికి రెండు వణుకులూ ఒక్కలాగే ఉండవచ్చు, ఆ మనిషి మెదడులో మాత్రం అవి రెండూ ఒకటి కావు.

జీవితంలోని కష్టాలకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం వైద్యశాస్త్రానికి కొత్త సంగతి కాదు. 1859లోనే పియర్ బ్రికే అనే ఫ్రెంచి వైద్యుడు 430 మంది రోగులను ఏళ్ల తరబడి గమనించి, దీన్ని గర్భాశయానికి అంటగట్టే పాత నమ్మకాన్ని తోసిపుచ్చి, కుటుంబ దుఃఖాలను, దెబ్బలను, దుర్భర పరిస్థితులను కారణాల్లో చేర్చాడు. ఇటీవలి లెక్కలు కావాలంటే, 34 అధ్యయనాలను, 1,405 మంది రోగులను కలిపి 2018లో ప్రచురించిన విశ్లేషణ ఉంది. బాల్యంలో మానసికంగా నిర్లక్ష్యానికి గురికావడం, అంటే తిండీ బట్టా ఉన్నా పలకరించే మనిషి లేకపోవడం, ఈ రోగుల్లో దాదాపు సగం మందిలో కనిపించగా, పోలిక కోసం తీసుకున్నవారిలో సుమారు ఐదో వంతు మందిలోనే కనిపించింది. శారీరక హింస, లైంగిక హింస కూడా ఈ రోగుల్లోనే ఎక్కువగా తేలాయి, కానీ అన్నిటికన్నా బలమైన సంబంధం కనిపించింది నిర్లక్ష్యంతోనే. మనం సాధారణంగా అడిగే ప్రశ్నల్లో ఇది అసలు ఉండదని నా గమనిక. ‘ఎవరైనా కొట్టారా’ అని అడిగినవాళ్లను చూశాను గానీ, ‘చిన్నప్పుడు ఏడిస్తే ఎవరు దగ్గరికి తీసుకునేవారు’ అని అడిగినవాళ్లను అరుదుగా చూశాను.

ఆ విశ్లేషణలోనే ఇంకో సంగతి కూడా ఉంది. ఏ ఒత్తిడీ చెప్పని రోగులు, వెతికిన ప్రతి అధ్యయనంలోనూ కొందరు తేలారు. 2013లో అమెరికా మనోరోగ వైద్యుల వర్గీకరణ గ్రంథం డీఎస్ఎం-5 ఈ జబ్బు నిర్ధారణకు మానసిక ఒత్తిడి కనబడి తీరాలన్న నియమాన్ని తొలగించింది. ఒత్తిడి అంటే ఇంటి గొడవే కానక్కర్లేదు: కదలికకు సంబంధించిన లక్షణాలున్నవారిలో 37 శాతం మందికి అంతకుముందు ఏదో శారీరకమైన గాయం అయిందని పాత నివేదికలన్నీ గాలించిన 2009 నాటి ఒక సమీక్ష చెప్పింది. జారిపడడం, చిన్న ఆపరేషన్, తీవ్రమైన తలనొప్పి వంటివి కూడా దీనికి తొలి మెట్టు కావచ్చు. కాబట్టి నేను కోరుతున్నది రెండు వైపులా పదునున్న కోరిక. బతుకు గురించి అడగకుండా వదిలేయకండి. అడిగి, ఏదో ఒక కష్టం దొరకగానే అదే కారణమని తేల్చేయకండి.

సామాజిక నేపథ్యం విషయంలో జరుగుతున్న పొరపాటు మరింత సూక్ష్మమైనది. చదువు తక్కువ, ఆదాయం తక్కువ, పెళ్లయిన యువతి అని కేస్ షీట్ మొదటి వరుసలో కనిపిస్తే చాలు, పరీక్ష కూడా చేయకుండా మనసులో నిర్ధారణ జరిగిపోతోంది. ఈ జబ్బు ఎలాంటివారికి వస్తుందో చెప్పే ఇలాంటి జాబితాలు చాలావరకు ఆసుపత్రికి వచ్చినవారి నుంచి తయారైనవి. ఏ ఆసుపత్రికి ఎవరు వస్తారో దాన్నిబట్టే లెక్క మారుతుంది. అందుకు చరిత్రలో పెద్ద ఉదాహరణ మొదటి ప్రపంచ యుద్ధం. అప్పుడు మాట పడిపోయి, కాళ్లు చచ్చుబడి వేల సంఖ్యలో ఆసుపత్రులకు చేరినవారు యువతులు కారు, సైనికులు. వారికి చికిత్స చేసిన డబ్ల్యూ. హెచ్. ఆర్. రివర్స్ ఒక తేడా గమనించాడు: మాట పోవడం, పక్షవాతం లాంటివి సాధారణ సిపాయిల్లో ఎక్కువ, అధికారుల్లో ఆందోళన, పీడకలలు ఎక్కువ. దీనికి ఆయన చెప్పిన కారణాల్లో కొన్నిటితో నేను ఏకీభవించను. నాకు అందులో కనిపించేది ఇది: పారిపోవడానికీ వీల్లేక, ఎదురు చెప్పడానికీ వీల్లేక ఇరుక్కున్నవాడి గొంతే ముందు మూగబోయింది. నా దగ్గరికి వచ్చేవారిలో ఇల్లాళ్లు, విద్యార్థులు, చిరుద్యోగులు, ఒక వృద్ధ ఉపాధ్యాయుడు కూడా ఉన్నారు. వారిని కలిపేది కులమో వర్గమో చదువో కాదు, ఆ ఇరుక్కుపోవడమే. దాన్ని ‘రోగం వల్ల వచ్చే లాభం’ అని కొట్టిపారేస్తే, లేవలేక మంచంలో పడి ఉన్న మనిషిని పట్టుకుని ఏం బావుకున్నావని అడిగినట్టే ఉంటుంది.

ఇక సామాన్యుల మీద పడుతున్న భారం సంగతి. ఫిట్స్‌లాంటి దాడులు వచ్చేవారికి అసలు జబ్బేమిటో తేలడానికి సగటున 7 ఏళ్లకు పైగా పడుతోందని 2002లో ప్రచురితమైన ఒక జర్మన్ అధ్యయనం చెప్పింది. ఆ ఏడేళ్లూ అవసరం లేని మూర్ఛ మందులు మింగుతారు, ఒకటి పనిచేయలేదని రెండోది, ఆపైన మూడోది. అందులో వాల్‌ప్రోయేట్ అనే మందు ఉండి, రోగి గర్భవతి అయితే, ఆ భారం పుట్టబోయే బిడ్డ మీద కూడా పడుతుంది. దాడి ఆగడం లేదని మత్తు సూదులు పెంచుకుంటూ పోయి, చివరికి శ్వాసగొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టిన సందర్భాలు వైద్య సాహిత్యంలో కొల్లలు. బయట ఉద్యోగం పోతుంది, బడి ఆగిపోతుంది. స్కాన్ మీద స్కాన్ తీయించి అప్పులపాలైన కుటుంబం, ‘రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి’ అన్న మాట విన్న రోజునే రోగి మీద విరుచుకుపడుతుంది. కదలిక లక్షణాలున్నవారిని సగటున ఏడేళ్లకు పైగా వెంబడించి చూసిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కిస్తే, దాదాపు 40 శాతం మంది మొదట ఉన్నట్టే ఉన్నారు లేదా ఇంకా క్షీణించారు. తేలికగా తీసుకోదగ్గ జబ్బు కాదిది.

పై కారణాలతో మీ ముందు ఈ కింది డిమాండ్లు ఉంచుతున్నాను.

1. నొప్పి పెట్టి పరీక్షించడాన్ని ఆపండి. అమ్మోనియాలో ముంచిన దూదిని ముక్కు దగ్గర అదిమిపెట్టడం, ఛాతీ ఎముక మీద పిడికిలితో రుద్దుతూనే ఉండడం, ఎత్తిన చేతిని ముఖం మీద పడేలా వదలడం చాలాచోట్ల ‘నాటకం బయటపెట్టే’ పద్ధతులుగా సీనియర్ల నుంచి జూనియర్లకు సంక్రమిస్తున్నాయి. స్పృహ స్థాయిని తెలుసుకోవడానికి ఒకసారి చేసే పరీక్ష వేరు, ఇది వేరు. తెరచాటున కూడా కాదు, వార్డంతా చూస్తుండగా, వెంట వచ్చిన బంధువులు ఎదురుగా ఉండగా ఇది జరుగుతుంది. కళ్లనీళ్లు కారుతూ ఆ మనిషి కళ్లు తెరవగానే ‘చూశారా’ అని ఒకరు నవ్వుతారు. ఆ నవ్వును బంధువులు ఇంటికి మోసుకెళతారు, తరువాత ఆమె ఎన్నిసార్లు పడిపోయినా ఎవరూ లేపరు. 1918 ప్రాంతంలో లండన్‌లో లూయిస్ ఈలాండ్ అనే వైద్యుడు మాట పోయిన సైనికుల గొంతుకు కరెంటు పెట్టి మాట్లాడించాడు. కొందరు మాట్లాడారు కూడా. దాన్ని ఈ రోజు ఎవరూ చికిత్స అనరు. అమ్మోనియా దూది ఆ వరుసలోదే.

2. నిర్ధారణను కనబడే చిహ్నాల మీద చేయండి, ‘టెన్షన్ ఉంది కదా’ అన్న ఊహ మీద కాదు. 1965లో ఎలియట్ స్లేటర్ అనే వైద్యుడు, హిస్టీరియా (ఈ జబ్బు పాత పేరు) అని రాసి పంపిన రోగులను ఏళ్ల తరువాత వెతికి చూస్తే, వారిలో ఎందరికో అసలైన నరాల జబ్బులు బయటపడ్డాయి. తరువాతి అధ్యయనాలను సమీక్షించిన 2005 నాటి పరిశీలనలో ఆ తప్పు నిర్ధారణలు 1950ల్లో 29 శాతం ఉండగా 1970ల నుంచి 4 శాతానికి దిగాయి. శ్రద్ధగా చూస్తే ఇది గుర్తించగల జబ్బేనని దీని అర్థం. కాలు పట్టు తప్పినవారిలో 1908 నుంచీ తెలిసిన హూవర్ చిహ్నం ఉండనే ఉంది. మా దగ్గర ఒక యువ నరాల వైద్యుడు దాన్ని చేసే తీరు చెబుతాను. రోగి మడమ కింద అరచెయ్యి పెట్టి ‘నా చేతిని కిందకు నొక్కు తల్లీ’ అంటాడు, బలం రాదు. ఇంకో కాలు పైకెత్తమని, దాన్ని తన రెండో చేత్తో అడ్డుకుంటాడు. ఆ క్షణంలో బలం లేని కాలి మడమ అతని అరచేతిని గట్టిగా అదుముతుంది. అక్కడితో ఆగడు. ‘నీ కాలికి బలం ఉంది, నరం తెగలేదు, మెదడు నుంచి పిలుపు వెళ్లే దారిలో తిరకాసు పడింది, దీన్ని సరిచేసుకోవచ్చు’ అని ఆమెకూ, పక్కనున్న తల్లికీ చెబుతాడు. దొంగను పట్టుకున్న గొంతుతో కాదు, శుభవార్త చెప్పే గొంతుతో. అదే చిహ్నాన్ని అదే వార్డులో ఇంకొకరు ‘దొరికావు’ అన్నట్టు చూపడం కూడా నేను చూశాను. ఆ రోగి మళ్లీ రాలేదు. ఫిట్స్‌లాంటి దాడులకు వీడియో ఈఈజీ వీలైన చోటల్లా చేయించండి. ఇలాంటి దాడులు వచ్చేవారిలో ఐదింట ఒకరికి నిజమైన మూర్ఛ కూడా ఉంటుంది కాబట్టి, అనుమానం రాగానే మందులన్నీ ఒక్కసారిగా ఆపించకండి.

3. రోగితో ఒంటరిగా మాట్లాడకుండా ‘ఒత్తిళ్లు ఏమీ లేవు’ అని రాయకండి. నా ప్రధానమైన డిమాండు ఇదే. వార్డులో జరిగేది ఇలా ఉంటుంది: మంచం చుట్టూ నలుగురు బంధువులు, కాళ్ల దగ్గర ఐదుగురు విద్యార్థులు. ‘ఇంట్లో ఏమైనా టెన్షన్ ఉందామ్మా?’ అని డాక్టరు గారు అడుగుతారు. ‘దానికేం లోటండీ, పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నాం’ అని పక్కనున్నవారు జవాబిస్తారు. అమ్మాయి పైకప్పు వైపు చూస్తుంది. కేస్ షీట్‌లో ‘ఒత్తిళ్లు లేవు’ అని పడిపోతుంది. అలా రాసివున్న ఒక అమ్మాయితో (గుర్తుపట్టే వివరాలు మార్చాను) రెండు రోజుల తరువాత తలుపు వేసిన గదిలో కూర్చుని, కష్టాల మాట ఎత్తకుండా, కాలు పడిపోకముందు ఒక మామూలు రోజు ఎలా గడిచేదో చెప్పమన్నాను. నిద్ర లేవడం దగ్గర మొదలుపెట్టింది. మంచాన పడ్డ నానమ్మకు స్నానం, తమ్ముళ్ల బడి, వంట, రాత్రి అందరూ పడుకున్నాక తన చదువు. పరీక్షలు దగ్గరపడ్డాయని చెబితే, ఇక ఆ చదువు ఎందుకన్నారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ఏడవలేదు, గొంతు మారలేదు. అది ఒక కష్టమని ఆమెకే తోచలేదు. అందుకే ‘టెన్షన్ ఉందా’ అన్న ప్రశ్నకు ఆమె నిజాయితీగా లేదనే చెబుతుంది. చాలామంది అలాగే చెబుతారు. రోజు ఎలా గడుస్తుంది, ఇంట్లో నిర్ణయాలు ఎవరివి, పని మానేస్తే ఎవరికి ఇబ్బంది, కొట్టేవారున్నారా, చేతిలో సొంత డబ్బు ఉంటుందా, మనసు విప్పి మాట్లాడే మనిషి ఉన్నారా అన్నవి అడగడానికి అరగంట చాలు. ఆ అరగంట మీకు లేకపోతే మా వంటివారికి పంపండి. ఒకవేళ ఇంట్లో హింస ఉందని తేలితే, రోగి భద్రతకు ఏర్పాటు చేయకుండా ఆ సంగతిని బంధువుల ముందు ఎత్తకండి. చెప్పినందుకు ఆమె ఇంటికెళ్లి దెబ్బలు తినకూడదు. ఏమీ చెప్పకపోతే బలవంతం చేయకండి. చెప్పడానికి నిజంగానే ఏమీ లేకపోవచ్చు, అయినా ఆమె చికిత్సకు అర్హురాలే.

4. డిశ్చార్జి సమ్మరీలో జబ్బు పేరు స్పష్టంగా రాయండి. ‘అన్నీ నార్మల్’ అన్న రాత తరువాత చూసే వైద్యుడికి ఏమీ చెప్పదు, మళ్లీ అవే స్కాన్‌లు తీయిస్తుంది.

5. రోగిని విభాగాల మధ్య బంతిలా తన్నకండి. నరాల విభాగం ‘మాది కాదు’ అంటుంది, మానసిక విభాగం ‘ముందు నరాలవాళ్లు తేల్చాలి’ అంటుంది, ఫిజియోథెరపీ విభాగానికి కబురే వెళ్లదు. కదలిక లక్షణాలకు ఈ జబ్బును ఎరిగిన ఫిజియోథెరపిస్టు అవసరం, దాడులకు మాటలతో చేసే చికిత్స అవసరం, ఇంటి పరిస్థితికి సామాజిక కార్యకర్త అవసరం. ఈ చికిత్సలు మంత్రాలేమీ కావు. 368 మందితో బ్రిటన్‌లో జరిపి 2020లో ప్రచురించిన ప్రయోగంలో, ఆలోచనా ప్రవర్తనా చికిత్స (సీబీటీ అనే మాటల చికిత్స) తీసుకున్నవారికి ఏడాది తరువాత దాడుల సంఖ్య చెప్పుకోదగినంతగా తగ్గలేదు. కానీ రోజువారీ పనులు చేసుకోవడం, జీవన నాణ్యత వంటివి మెరుగుపడ్డాయి. ఉద్యోగానికి తిరిగి వెళ్లాలనుకునే మనిషికి అది చిన్న సంగతి కాదు. వారానికి ఒక్కపూట ఈ మూడు నాలుగు విభాగాలవారు ఒకే గదిలో కూర్చుని ఈ రోగులను చూసే ఏర్పాటు చేయండి.

6. వైద్య విద్యను నిర్ణయించే పెద్దలకు ప్రత్యేకంగా: ఈ జబ్బును పాఠ్యపుస్తకంలో ఒక పేరాగ్రాఫ్‌గా, ‘మిగతావన్నీ కొట్టేశాక మిగిలేది’గా చెప్పడం మానండి. హూవర్ చిహ్నం చేయడం, నిర్ధారణను రోగికి వివరించడం, ఒంటరిగా కూర్చోబెట్టి జీవన పరిస్థితులు అడగడం ఈ మూడింటినీ ప్రాక్టికల్ పరీక్షలో మార్కులిచ్చే అంశాలుగా చేర్చండి. పరీక్షలో రానిదాన్ని విద్యార్థులు నేర్చుకోరన్నది మీకు నేను చెప్పవలసిన పని లేదు.

వీటిలో మొదటిదీ, మూడోదీ, నాలుగోదీ విభాగాధిపతి సంతకంతో రేపటి నుంచే అమలు చేయవచ్చు. రెండోదానికి తర్ఫీదు కావాలి, ఐదు, ఆరు అంశాలకు సమయం కావాలని ఒప్పుకుంటాను. కానీ ఎంత సమయమో చెప్పమని కోరుతున్నాను. అంగీకరించని అంశం ఏదైనా ఉంటే, ఎందుకు అంగీకరించడం లేదో కారణాలతో సహా బహిరంగంగానే రాయండి. మూడో అంశంలో చెప్పిన ప్రశ్నలతో ఒక పేజీ నమూనా మా దగ్గర సిద్ధంగా ఉంది. ఏ విభాగం అడిగినా ఇస్తాం, మీ రోగులకు తగినట్టు మార్చుకోవచ్చు. కేస్ షీట్‌లో దానికి చోటు ఇస్తారా లేదా అన్నదానికి జవాబు కోసం ఎదురుచూస్తున్నాను.

ఇట్లు,
మానసిక వైద్య విభాగపు సామాజిక కార్యకర్త